తీగల మీద గుడ్డ

ఆర్కెస్ట్రాలో ఆమెను అందరూ మిషనమ్మ అనేవారు. ఎదుట కాదు, చాటుగా. చాటుమాట ఎన్నాళ్లు చాటున ఉంటుంది? ఓ రోజు ఆమె చెవిన పడనే పడింది. మొదట ఒళ్లు మండింది. తర్వాత అలవాటైపోయింది. పోనుపోను లోలోపల కాస్త గర్వం కూడా వేసింది. మిషను తప్పు చెయ్యదు కదా, ఈమె కూడా చెయ్యదు! ఎంత పరుగులెత్తే సంగీతం ముందు పెట్టినా పదివేళ్లూ ఎవరి పని వాళ్లు చూసుకునే బుద్ధిమంతుల్లా చకచకా కానిచ్చేవి. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన పెద్ద పియానిస్టులు సైతం ఆ చేతుల వంక నోరు వెళ్లబెట్టి చూసేవారు. చూసేవారు, చప్పట్లు కొట్టేవారు, మెట్లు దిగేలోపు మర్చిపోయేవారు. ఏం చెప్పమంటారు, ఇదీ ఆమె బతుకు.

ఉద్యోగం సంగీత కళాశాలలో. పిల్లలు వయొలిన్ పరీక్షకు నిలబడితే పక్కన కూర్చుని పియానో వాయించాలి. పిల్లాడు పరుగెడితే పరుగెత్తాలి, మర్చిపోయి గుడ్లప్పగించి నిలబడితే ఆగాలి. ఆర్కెస్ట్రాకు పియానో కావలసిన రోజున వెనక వరసలో డ్రమ్ముల పక్కన ఒక మూల సీటు. నలభైకి దగ్గర పడింది. పెళ్లి మాటెత్తిన వాళ్లందరికీ ఒకటే జవాబు: "ప్రాక్టీసు ఉందండీ." అడిగి అడిగి వాళ్లే విసిగిపోయారు. ఒక్క కోరిక మాత్రం ఆమెను లోపల్నుంచి తొలిచేసేది. పెద్ద హాల్లో, వేదిక మధ్యలో, ఆర్కెస్ట్రా అంతా తన వెనక ఉండగా ఒక్కసారి తను వాయించాలి. జనం తన చేతులు చూడ్డం కాదు, తనను వినాలి.

ఆ ఒక్కసారి రానే వచ్చింది. శనివారం కచేరీకి రావలసిన పేరున్న పియానిస్టు హోటల్ మెట్ల మీద జారి మణికట్టు విరగ్గొట్టుకున్నాడు. పాపం అనుకోవాలి. ఆమె కూడా అనుకుంది, కానీ అనుకునే ముందు గుండె ఒక్క గంతు వేసింది. కండక్టరు ఆమెను పిలిపించాడు. టిక్కెట్లు కొట్టే కండక్టరు అనుకునేరు. కాదు, చేతిలో సన్నటి పుల్ల పట్టుకుని ఆర్కెస్ట్రాను నడిపించే పెద్దాయన. మనిషి మెత్తన, మాట సూటి.

"ఈ రచన నీకు వచ్చా అమ్మా?"

"నిద్దట్లో లేపినా వాయిస్తాను సార్."

"నిద్దట్లో వద్దులే," అన్నాడాయన నవ్వుతూ. "మెలకువగానే వాయించు."

రచనలో మూడు భాగాలు. మొదటిదీ మూడోదీ ఊపిరి తిప్పుకోనివ్వని పరుగు. నడిమిది నెమ్మది, పక్కింటి చిన్నపిల్ల కూడా వాయించగలిగినన్ని తక్కువ స్వరాలు. మొదటి రిహార్సల్లో మొదటి భాగం అయ్యేసరికి వయొలిన్ల వాళ్లు కమానులు ఒళ్లో పెట్టుకుని ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. మిషనమ్మా మజాకా! నడిమి భాగం మొదలైంది. కాసేపటికి కండక్టరు పుల్ల దించేశాడు.

"తప్పు పోయిందా సార్?" అందామె.

"లేదమ్మా. ఒక్కటి కూడా లేదు."

"మరి?"

"తప్పు లేదు. ఇంకేమీ కూడా లేదు." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. "చూడమ్మా, చెప్పకుండా చేసి నిన్ను అవమానించడం నాకిష్టం లేదు. శుక్రవారం చివరి రిహార్సల్. ఈ నడిమి భాగానికి అప్పటికి ప్రాణం రాకపోతే శనివారానికి ఆ ఉంగరాల జుట్టు కుర్రాణ్ణి పిలుస్తాను."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఉంగరాల జుట్టు కుర్రాడంటే నిన్నగాక మొన్న కళాశాల దాటినవాడు. తప్పులు వాయిస్తాడు; ఒకటీ అరా కాదు, గుప్పెళ్లతో విసురుతాడు. అయినా వాడు నెమ్మది పాట ఎత్తుకుంటే వెనక వరసల్లో ముక్కులు చీదడం వినపడుతుంది. ఆమెకు వాడంటే అసూయ అనడం చిన్నమాట. వాడు వాయిస్తుంటే తప్పులు ఏరుకుంటూ కూర్చునేది. ఏరడంలో పడి ఎప్పుడూ పాట వినలేదు.

ఇంటికొచ్చి తండ్రికి చెప్పింది. తండ్రి టైపు మాస్టారు. ఒకప్పుడు బజారు వీధిలో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపినవాడు. మీటలు కనపడకుండా పైన అట్ట కప్పి, "కళ్లు కాగితం మీద, వేళ్లు మీటల మీద" అని తరాల తరబడి పిల్లలకు నూరిపోసినవాడు. కంప్యూటర్లొచ్చి ఇన్‌స్టిట్యూట్ మూతపడినా మెళ్లో వేలాడే స్టాప్‌వాచీ మాత్రం పోలేదు. పియానో గురించి ఆయనకు తెలిసింది సున్నా. అయితేనేం, కూతురి పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, ఆమె వేళ్లనే చూసి పైకి తెచ్చాడు. వేలు వంకర పోతే, "మళ్లీ." తడబడితే, "మళ్లీ." కూతురంటే ఆయనకు ప్రాణం. ఆమెకు జ్వరమొస్తే అన్నం ముట్టేవాడు కాదు.

"నెమ్మదిగా వాయించడం ఓ కష్టమా?" అన్నాడు విని. "కష్టమంతా వేగంలోనే కదమ్మా! ఆయనకేదో తిక్క."

"తిక్క కాదు నాన్నా. ఏదో లేదంటున్నాడు. ఏది లేదో నాకు తెలిసి చావడం లేదు."

మాస్టారు ఆలోచించాడు. ఆలోచించి ఓ ఉపాయం కనిపెట్టాడు. ఈ తండ్రీకూతుళ్లకు తప్ప భూమ్మీద ఇంకెవరికీ తట్టని ఉపాయం! పేరు మోసిన పియానిస్టులు ఈ నడిమి భాగం వాయించిన రికార్డులన్నీ పోగేద్దాం. వాళ్లెక్కడ ఆగుతున్నారో, ఎంతసేపు ఆగుతున్నారో, ఎక్కడ మెత్తగా నొక్కుతున్నారో స్టాప్‌వాచీతో కొలిచేద్దాం. కొలిచింది వేళ్లకు ఎక్కించేద్దాం. వేళ్లకు ఎక్కనిదేముంది?

అలాగే కానిచ్చారు. ఆయన బొటనవేలు స్టాప్‌వాచీ మీద, ఆమె చెవి స్పీకరు మీద. "ఇక్కడ ఆగాడు, నొక్కు!" "నొక్కాను, వదిలేశాడా?" "ఇంకా లేదు, ఇంకా లేదు... ఆఁ, వదిలాడు!" రెండు రోజులు తిండీ తిప్పలూ లేవు. నవ్వొస్తుంది కానీ, నవ్వడానికి మనసొప్పదు. ఒక్కోసారి కూతురు తల మీటలకానించి, "నాకు రాదు నాన్నా, నాలో లేదది," అంటే ఆయన వీపు నిమిరి, "ఎందుకు రాదు, మళ్లీ," అనేవాడు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఇంట్లో పియానో మోగదు. పియానో లోపల మీటకొక చిన్న సుత్తి ఉంటుంది, అది వెళ్లి తీగను కొడితే స్వరం పలుకుతుంది. వీళ్ల పియానోలో సుత్తులకూ తీగలకూ మధ్య దళసరి ఫెల్టు గుడ్డ ఒకటి, రెండు మడతలు వేసి, ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డంగా కట్టి ఉంది. మీట నొక్కితే టక్‌మని కొయ్య చప్పుడు, దాని వెనక ఎక్కడో గొణిగినట్టు ఓ చిన్న నాదం. అంతే. అది కట్టింది ఆమె తల్లి కోసం. తల్లికి తలనొప్పి జబ్బు; మామూలు తలనొప్పి కాదు, వెలుతురు చూడలేకపోయేది, గిన్నె కిందపడితే గిలగిలలాడిపోయేది. పక్కగదిలో కిటికీలకు ముదురు తెరలు, తలుపెప్పుడూ మూసే. ఈ పిల్ల ఈ గదిలో గుడ్డ కప్పిన పియానో మీద టక్కుటక్కుమని ఏళ్ల తరబడి వాయించింది. పిల్ల కాలేజీలో ఉండగా ఆవిడ పోయింది. మరి గుడ్డ తీసేశారా? లేదు. ఎవరికీ తోచలేదు. అలవాటైన కంటికి అది గుడ్డలా కాదు, పియానోలో ఓ భాగంలా కనపడింది.

బుధవారం రిహార్సల్‌కు ఆ కొలతలన్నీ వేళ్లలో పెట్టుకుని వెళ్లింది. కండక్టరు ఆర్కెస్ట్రాకు విరామమిచ్చి, హాలు వెనక్కి వెళ్లి ఖాళీ కుర్చీల మధ్య నిలబడ్డాడు. "నువ్వొక్కదానివే వాయించమ్మా." ఆమె వాయించింది. అనుకున్నచోట ఆగింది, అనుకున్నంతసేపు ఆగింది. అయ్యాక ఆయన నడవలో మెల్లగా నడిచొచ్చాడు.

"మొదట్లో ఆగావే, ఆ ఆగడం ఎవరిదో నాకు తెలుసు. చనిపోయాడాయన. చివర్లో తగ్గించావే, అది ఇంకొకావిడది. మధ్యలోది కూడా చెప్పమంటావా?"

ఆమె చేతులు మీటల మీంచి తీసి ఒళ్లో పెట్టుకుంది.

"ఎంత కష్టపడ్డావమ్మా!" అన్నాడాయన. వెక్కిరింత కాదు, నిజంగానే బాధపడ్డాడు. వెక్కిరించినా బావుండు. "ఒక మాట అడుగుతాను, కోప్పడకు. ఈ నెమ్మది చోట్ల మీట నొక్కబోయి ప్రతిసారీ భుజాలు పైకి లాక్కుంటావు. చెయ్యి వెళ్తుంది, మనసు వెనక్కి పోతుంది. ఇంత పెద్ద హాలు. ఎవరూ లేరు. ఇక్కడ ఎవరు నిద్ర లేస్తారని నీ భయం?"

ఆయనకు తల్లి సంగతి తెలియదు. ఆర్కెస్ట్రాలో ఎవరికీ తెలియదు. ఆమె లేచి, ఏదో గొణిగి, బాత్రూంలోకి పోయి కొళాయి తిప్పి, ఆ నీళ్ల చప్పుడు చాటున నోట్లో రుమాలు కుక్కుకుని ఏడ్చింది. ఏడుపు కూడా చప్పుడు కాకుండానే. ఆ సంగతి గమనించి ఇంకా ఏడ్చింది.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా పియానో పై మూత ఎత్తింది. ఫెల్టు నల్లబడిపోయి, సుత్తుల దెబ్బలకు వరసగా గుంటలు పడి ఉంది. మాస్టారు టీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

"నాన్నా, ఇది కట్టమని అమ్మే అడిగిందా?"

"అడగడమెందుకు? నాకు తెలియదూ! నువ్వు మొట్టమొదట నేర్చుకున్న పాఠం గుర్తుందా, ఐదు వేళ్లతో చిన్న పాట? అది వాయించావు. నేను లోపలికెళ్లి చూద్దును కదా, మీ అమ్మ గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడుస్తోంది. పాపం తల పగిలిపోతోందేమో అనుకున్నాను. ఆ సాయంత్రమే వెళ్లి గుడ్డ కొనుక్కొచ్చాను."

ఆమె చేతిలో మూత అలాగే ఉండిపోయింది. "నొప్పని అమ్మ చెప్పిందా?"

"చెప్పలేదు. మర్నాడు 'పిల్ల వాయించడం మానేసిందేం?' అంది. వాయిస్తూనే ఉంది, నీకు ఇబ్బంది లేకుండా చేశానన్నాను. 'నాకు ఇబ్బందని ఎవరన్నారు?' అంది. నీ చదువు పాడవకూడదని ఓర్చుకుంటోంది కాబోలనుకున్నాను. ఆవిడ అలాంటి మనిషే కదమ్మా!"

"మళ్లీ అడగలేదా?"

మాస్టారు కప్పు కింద పెట్టాడు. ఇన్నేళ్లుగా తిన్నగా నడిచిన ఆలోచనకు ఎక్కడో రాయి తగిలినట్టు ఆగాడు. "అడిగింది. అడుగుతూనే ఉండేది. ఆఖర్న... తలుపైనా తీసి ఉంచమనేది. వేళ్ల చప్పుడైనా వింటానని. గాలి తగిలితే నొప్పెక్కువవుతుందని నేనే మూసేవాణ్ణి."

"నాన్నా, అమ్మ ఏడ్చింది నొప్పికి కాదు!"

అరిచింది. ఆ ఇంట్లో ఆమె అరవడం అదే మొదలు. ఫెల్టు కొస పట్టుకుని ఒక్క లాగు లాగింది. పాత గుడ్డ, పర్రున చిరిగి దుమ్ము లేచింది. "ఏడేళ్లదాన్ని! ఏడేళ్లప్పుడు నాకు వచ్చింది! అమ్మ చేత కంటతడి పెట్టించాను. దాని మీద తీసుకెళ్లి గుడ్డ కప్పావు. నువ్వు నాకు నేర్పింది పియానో కాదు నాన్నా, టైపు!"

ఆయన నిలబడినవాడు నిలబడినట్టే కుర్చీలో కూలబడ్డాడు. మెళ్లో స్టాప్‌వాచీని కాసేపు తడుముకుని, తీసి జేబులో వేసుకున్నాడు. అన్న మాట నిజమే కానీ, అన్నాక ఆమెకేమీ తేలిక కాలేదు. గురువారమంతా ఇద్దరూ ఒకే ఇంట్లో పరాయివాళ్లలా తిరిగారు.

శుక్రవారం. వేదిక మీద పియానో ముందు కూర్చుని, భుజాలు దించుకుని, నడిమి భాగం మొదలుపెట్టింది. తొలి స్వరాల వరస ఒక వాక్యంలా పలికింది. ఎంతలా పలికిందంటే, ఎప్పుడూ కునికిపాట్లు పడుతూ సెల్లో అనే పెద్ద వయొలిన్ వాయించే తాత చటుక్కున తలెత్తాడు. ఆమె కూడా విన్నది. తన చేతి కింద నుంచి వస్తున్న స్వరాన్ని ఆమె చెవులు వింటున్నాయి, వేళ్లు కాదు. అమ్మా, విన్నావా అనుకుంది.

అనుకున్నదే తడవు, గోడవైపు తిరిగి పడుకున్న తల్లి వీపు కళ్లముందు నిలిచింది. ఒక మీట బదులు ఇంకొకటి పడింది. తప్పు వాయిస్తే ఏం చెయ్యాలో ఆమెకు తెలియదు. ఎప్పుడైనా వాయిస్తే కదా! ఆగింది. ఆర్కెస్ట్రా ఆమెను దాటి నాలుగడుగులు పోయి, తడబడి ఆగింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే చోట చెయ్యి చచ్చుబడింది. సరే, మూడో భాగానికి వెళ్దామన్నాడు కండక్టరు. నిద్దట్లో లేపినా వాయించే మూడో భాగం! చెవులు తెరుచుకున్నాక వేళ్లు దారి మర్చిపోయాయి. పరుగు మధ్యలో కుప్పకూలింది.

కండక్టరు పుల్ల పక్కన పెట్టి వచ్చి, ఆమె బెంచీ చివర కూర్చున్నాడు.

"ఆ మొదటి వాక్యం ఉంది చూశావూ," అన్నాడు మెల్లగా, "అది నాకు చాలా రోజులు గుర్తుంటుంది."

"ఇంకొక్కసారి సార్. ఒక్క గంట టైమివ్వండి. దొరికింది సార్, ఇప్పుడే చేతికి దొరికింది."

"తెలుసమ్మా. కానీ అది నిలబడ్డానికి నెలలు పడుతుంది. నాకున్నది రేపు."

"సార్, మీ కాళ్లు పట్టుకుంటాను."

"అలా అనకు తల్లీ," అన్నాడు. అని, హాలు వెనక్కి చూశాడు. ఆమె కూడా చూసింది. చివరి వరసలో ఉంగరాల జుట్టు కుర్రాడు కోటు ఒళ్లో పెట్టుకుని తలొంచుకు కూర్చున్నాడు. పొద్దుటే పిలిపించి ఉంచారన్నమాట. వాడు ఆమె మొహంలోకి చూడలేకపోయాడు. ఆమె బెంచీ మీంచి లేచి, వాడు ఎత్తుగా ఉంటాడు కదా అని, బెంచీ మర తిప్పి కాస్త దించి మరీ వచ్చేసింది.

ఇంట్లో గోడ మేకుకు నల్ల గౌను వేలాడుతోంది. వేదిక మీదకని ఎప్పుడో కుట్టించుకున్నది. మాస్టారు దానికి ఇస్త్రీ చేసి, మడత నలగకుండా తగిలించి, పక్కనే నిలబడి ఉన్నాడు. రెండు రోజుల మౌనం తర్వాత ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక చేసిన పని అది. కూతురి మొహం చూశాడు. ఇంక అడగలేదు.

"వాడికిచ్చారు," అందామె.

"నా వల్లే," అన్నాడు.

కాదు అనడానికి ఆమెకు నోరు రాలేదు. అవును అనడానికీ రాలేదు. రేపు సాయంత్రం ఈపాటికి ఆ హాల్లో జనం ముక్కులు చీదుకుంటూ ఉంటారు. ఈ వయసులో ఇంకోసారి ఎవరు పిలుస్తారు? ఉన్నదల్లా ఆ వేగం, ఇప్పుడు అదీ పట్టు తప్పింది. వెళ్లి పియానో ముందు కూర్చుంది. కూర్చోక ఎక్కడికి పోతుంది, ఆ ఇంట్లో ఆమెకున్న చోటే అది.

మాస్టారు అలవాటు చొప్పున కుర్చీ లాక్కుని పక్కన చేరాడు. ఆయన కళ్లు వాటంతటవే ఆమె వేళ్ల మీదకు పోయాయి.

"చేతులు చూడకు నాన్నా."

ఆయన ఉలిక్కిపడి మొహం తిప్పుకున్నాడు. కళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. గౌను వంకా, నేల వంకా చూసి, చివరికి మూసుకున్నాడు. ఆమె చిన్నప్పటి ఐదు వేళ్ల పాట వాయించింది. గుడ్డ లేని తీగలు ఆ చిన్న గదిలో ఒక్కసారి ఘల్లుమన్నాయి. ఇన్నేళ్లుగా శ్రుతి చేసినవారు లేక కొన్ని తీగలు అపస్వరం పలుకుతున్నాయి. ఆమె ఆగలేదు. భుజాలు పైకి లాక్కోలేదు. కన్నీళ్లు మీటల మీద పడుతుంటే వేళ్లు జారుతూనే వాయించింది. పిల్లల పాట, ఇట్టే అయిపోయింది.

"తప్పులున్నాయా నాన్నా?"

"చూళ్లేదమ్మా," అన్నాడాయన. "వింటున్నాను."

కాసేపటికి గోడ పట్టుకుని లేచాడు. పక్కగది దగ్గరికి నడిచాడు. ఏళ్ల తరబడి మూసి ఉన్న తలుపు, బిగుసుకుపోయి రాలేదు. భుజం ఆనించి తోశాడు, మళ్లీ తోశాడు. ముసలి ప్రాణం, రొప్పు వచ్చింది. మూడో తోపుకి తెరుచుకుంది. లోపల పరుపు లేని మంచం, గుడ్డలు కప్పిన పాత టైపు మిషన్లు, ముదురు తెరలు. తలుపు మళ్లీ మూసుకుపోకుండా ఆయన ఒక టైపు మిషను ఎత్తి తెచ్చి దాని కింద అడ్డం పెట్టాడు.

"ఇంకోసారి వాయించమ్మా," అన్నాడు, గుమ్మంలోనే నేల మీద కూర్చుంటూ. "మీ అమ్మ అడిగింది."

ఆమె కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకుంది.